అల్లరి కుక్కకు ఆటల బడి!

దూకుతుంది. కొరుకుతుంది. గొలుసు పట్టుకుంటే మనల్నే ఈడ్చుకెళ్తుంది. ఫోన్లో వీడియో చూస్తే మాత్రం అదే జాతి కుక్క చెప్పింది చెప్పినట్టు కర్రలు దూకుతూ, గొట్టంలోంచి దూసుకొస్తూ, సన్నటి పలక మీద పరిగెడుతూ ఔరా అనిపిస్తుంది. ఆ ఆట పేరే 'అజిలిటీ'. మరి మన కుక్కనీ ఆ క్లాసులో చేర్పిస్తే దారికొస్తుందా? డబ్బు, టైమూ ఖర్చుపెట్టే ముందు కాస్త ఆలోచిద్దాం.

తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు పెట్టి అమ్మ అలా లోపలికి వెళ్తుంది. తిరిగొచ్చేసరికి ముగ్గు నిండా పాదాల గుర్తులు. తులసికోట పక్కన మూరెడు లోతు గొయ్యి. పేపరు కుర్రాడు గేటు దాకా రావడం ఎప్పుడో మానేశాడు, రోడ్డు మీంచే విసిరేస్తున్నాడు. తాతయ్య చెప్పుల్లో ఒకటే మిగిలింది. ఇంటికి చుట్టాలొస్తే ముందు పలకరించేది రాకీనే. అదీ వాళ్ల భుజాల మీద రెండు కాళ్లూ వేసి!

''ఇక నావల్ల కాదండీ. తమ్ముడికి చెప్పి చెరువు మీదకి పంపించేద్దాం'' అంటుంది అమ్మ.

''వద్దమ్మా, క్లాసులో చేర్పిద్దాం. యూట్యూబ్‌లో చూడు, అవి ఎంత బాగా చేస్తున్నాయో'' అంటాడు పదో తరగతి పిల్లాడు.

''నీ ట్యూషన్‌ ఫీజు చాలక దానికి కూడానా?'' ఇది నాన్న.

కుక్క పేరు మార్చుకుంటే చాలు. బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో ఏ వీధిలోనైనా ఇలాంటి ఇల్లొకటి తగులుతుంది. ముచ్చటపడి లాబ్రడార్‌ పిల్లనో, జర్మన్‌ షెపర్డ్‌ పిల్లనో తెచ్చుకుంటారు. ఆర్నెల్లు అందరూ ఎత్తుకుని తిప్పుతారు. ఏడాది నిండేసరికి అది ముప్ఫై కిలోల బరువెక్కుతుంది, అల్లరి కూడా అంతే బరువెక్కుతుంది. అప్పుడు మొదలవుతుంది 'చెరువు మీదకి' అన్న మాట. డెల్టాలో ఉన్నవాళ్లకు దాని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. చేపల చెరువు గట్టు మీద, కాపలా పాక పక్కన, గొలుసుకు కట్టేసిన బతుకు. రాత్రంతా మొరగడం, పగలంతా ఎండకు రొప్పడం. ఇంట్లో సోఫా మీద పెరిగిన కుక్కకు అది ఎలాంటి మార్పో వేరే చెప్పాలా?

కాబట్టి క్లాసు సంగతి తేల్చుకోవడం చిన్న విషయం కాదు. ఆ కుక్క ఇంట్లో ఉంటుందా, గట్టు మీదకు పోతుందా అన్నది దాని మీదే ఆధారపడి ఉండొచ్చు.

గుర్రాల పోటీ చూసి...

ముందు ఈ ఆట ఎక్కడిదో చూద్దాం. 1978 ఫిబ్రవరి. లండన్‌లోని ఒలింపియా హాల్లో ప్రఖ్యాత 'క్రఫ్ట్స్‌' డాగ్‌ షో జరుగుతోంది. ఒక పోటీకీ మరో పోటీకీ మధ్య చాలా ఖాళీ ఉంటుంది. ఆ కాసేపూ ప్రేక్షకులకు విసుగు పుట్టకుండా ఏదైనా చూపించాలి. ఆ పని కమిటీ సభ్యుడు జాన్‌ వార్లీ నెత్తిన పడింది. గుర్రాలు అడ్డుకర్రలు దూకే పోటీలు అక్కడ బాగా ఆడతాయి. అదే కుక్కలతో చేయిస్తే? పీటర్‌ మీన్‌వెల్‌ అనే శిక్షకుడి సాయం తీసుకున్నాడు. నాలుగేసి కుక్కలతో రెండు జట్లు దిగాయి. ఖాళీ సమయంలో కాలక్షేపానికి పెట్టిన ఆట జనానికి తెగ నచ్చేసింది. రెండేళ్లు తిరిగేసరికి, 1980లో బ్రిటన్‌ కెన్నెల్‌ క్లబ్‌ దానికి నిబంధనలు రాసి అధికారిక క్రీడగా గుర్తించింది. అమెరికన్‌ కెన్నెల్‌ క్లబ్‌ 1994లో పోటీలు మొదలుపెట్టింది. 1996 నుంచి ప్రపంచ చాంపియన్‌షిప్పులు జరుగుతున్నాయి.

ఆట చూడ్డానికి తేలిక. మైదానంలో అడ్డుకర్రలు, గొట్టాలు, టైరు, తూగుడు బల్ల, గుడిసె కప్పులా రెండువైపులా వాలుగా ఉండే చెక్క, వరసగా పాతిన 12 కర్రలు ఉంటాయి. ఆ కర్రల మధ్య నుంచి కుక్క పాములా మెలికలు తిరుగుతూ వెళ్లాలి. మొదటి కర్ర తప్పనిసరిగా దాని ఎడమ భుజం వైపే ఉండాలి. వాలు చెక్క దిగేటప్పుడు చివర రంగు వేసిన భాగం మీద కాలు పెట్టాల్సిందే, పైనుంచి గెంతేస్తే తప్పు. ఏ అడ్డంకి తర్వాత ఏది అన్నది ప్రతి పోటీకీ మారిపోతుంది. కుక్కకు అది ముందుగా తెలియదు. మనిషే ఖాళీ మైదానంలో ఒకసారి నడిచి చూసుకుని, వరస గుర్తుపెట్టుకుని, పక్కన పరిగెడుతూ చేతులతో, మాటలతో దారి చూపించాలి. మెడకు తాడు ఉండదు. చేత్తో తాకకూడదు. చేతిలో బిస్కెట్‌ ఉండకూడదు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. తాడు లేకుండా, తాకకుండా, తిండి చూపించకుండా మన మాట మీద నడవాలి! గేటు తీస్తే కోనేరు సెంటర్‌ దాకా పరిగెత్తే కుక్కను తీసుకెళ్లి ఆ మైదానంలో వదిలితే ఏమవుతుంది? కర్రలు దూకదు. గోడ దూకుతుంది.

అల్లరికి మందేనా?

సూటిగా చెప్పాలంటే, అజిలిటీ అల్లరికి మందు కాదు. మాట వినడం నేర్చిన కుక్కకు దొరికే బహుమానం. ఒకటో తరగతి చదవకుండా పదో తరగతి పరీక్షకు కూర్చోబెట్టినట్టు, 'రా' అంటే రాని కుక్కను అజిలిటీకి పంపితే డబ్బు దండగ. పైగా ఇంకో చిక్కు కూడా ఉంది. ఊరికే ఉద్రేకంగా పరిగెత్తించడం వల్ల ఉద్రేకపడే అలవాటే ముదురుతుంది. సాయంత్రం అరగంట బంతి విసిరి విసిరి కుక్కను అలసిపోయేలా చేశామనుకుంటాం. నెలయ్యేసరికి దానికి గంట బంతి కావాల్సి వస్తుంది. ఒళ్లు అలిసినంత మాత్రాన బుద్ధి కుదురుకోదు.

అలాగని ఆ ఆలోచన కొట్టిపారేసేదీ కాదు. అది తెలియాలంటే 'అల్లరి' అని మనం ఒకే మాటలో చెప్పేస్తున్న దాన్ని కాస్త విడదీసి చూడాలి.

చాలా ఇళ్లలో కుక్క అల్లరికి అసలు కారణం పనిలేకపోవడం. లాబ్రడార్‌ పూర్వీకులు జాలర్ల వెంట, వేటగాళ్ల వెంట నీళ్లలోకి దూకి వస్తువులు తెచ్చిపెట్టేవి. జర్మన్‌ షెపర్డ్‌ పేరులోనే గొర్రెల కాపరి ఉన్నాడు. అలాంటి జీవాన్ని పదడుగుల వరండాలో పగలంతా కట్టేసి, రెండుపూటలా పెరుగన్నం పెడితే అది చేసే పని ఏదో అదే వెతుక్కుంటుంది. చెప్పు దొరికితే చెప్పు, చీపురు దొరికితే చీపురు! ఇలాంటి కుక్కకు అజిలిటీ నిజంగానే వరం. పరిగెత్తడంతో పాటు ఆలోచించాలి, యజమాని వైపు చూడాలి, ఆగాలి. పది నిమిషాల ఆ పని గంట నడకంత తృప్తినిస్తుంది.

రెండో రకం భయంతో అల్లరి చేసేది. కొత్తవాళ్లను చూసి మొరిగి మీదకొస్తుంది, వేరే కుక్క కనపడితే గొలుసు తెంపుకుంటుంది. కుక్కపిల్లకు మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం దాకా లోకం పరిచయమయ్యే వయసు. ఆ రోజుల్లో మనుషుల్నీ, ఆటోల్నీ, పిల్లల్నీ, చప్పుళ్లనీ చూడకుండా గదిలో పెరిగితే, పెద్దయ్యాక ప్రతిదీ శత్రువులానే కనిపించొచ్చు. అలాంటి కుక్కను పది కుక్కలున్న మైదానానికి తీసుకెళ్లడం నిప్పుకు నెయ్యి తోడు చేయడమే. ఇప్పటికే ఎవరినైనా కరిచి ఉంటే క్లాసు మాట పక్కనపెట్టి పశువైద్యుణ్ని కలవాలి. కరిపించుకున్న మనిషి మాట అంతకన్నా ముందు. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఇంటి కుక్కే కదా అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక మూడో రకం, పాపం, నొప్పితో ఉన్నది. నిన్నమొన్నటి దాకా బాగానే ఉండి, ఉన్నట్టుండి చిరాకు పడుతోందా? ముట్టుకుంటే గుర్రుమంటోందా? చెవిలో చీము, తుంటి కీలులో లోపం, పిడుదుల వల్ల వచ్చిన జ్వరం... ఏదైనా కావచ్చు. బందరు, గుడివాడల్లో పశువైద్యశాలలు ఉన్నాయి. ఎక్స్‌రేల్లాంటివి అవసరమైతే గన్నవరంలో ఎన్టీఆర్‌ పశువైద్య కళాశాల ఉండనే ఉంది. క్లాసు ఫీజు కట్టేముందు ఒకసారి పరీక్ష చేయించడం తెలివైన పని.

'ఇవన్నీ ఎందుకు, గట్టు మీద కట్టేస్తే పోలేదా' అనేవాళ్లకు ఒక మాట. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం సెక్షన్‌ 11 ప్రకారం, నిత్యం గొలుసుతో కట్టేసి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడం యజమాని చేసే నేరం. పొట్టి గొలుసుతో, బరువైన గొలుసుతో అదేపనిగా కట్టేసి ఉంచడమూ నేరమే. ఊరికి దూరంగా తీసుకెళ్లి వదిలేసి రావడం కూడా!

కొల్లేటి కుక్క చెప్పే పాఠం

కుక్కకు పని దొరికితే ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి లండన్‌ దాకా వెళ్లక్కర్లేదు. గుడివాడ దాటితే కొల్లేరు. ఆ చుట్టుపక్కల లంకల్లో, గోదావరి వైపు పల్లెల్లో 'జోనంగి' అనే మన నేల కుక్క ఉండేది. పొట్టి వెంట్రుకలు, బక్కపలచటి ఒళ్లు, నుదుటి మీద ముడతలు. మామూలు కుక్కలా మొరగడం తక్కువ, గొంతు సాగదీసి రాగం తీసినట్టు కూస్తుందంటారు. పడుకోవడానికి నేలలో గొయ్యి తవ్వుకోవడం దానికి ఇష్టం. (తులసికోట పక్కన గొయ్యి చూసి తిట్టేముందు ఇది గుర్తుంచుకోండి!)

దాని ఉద్యోగం బాతుల్ని కాయడం. వందల బాతుల మందను నీళ్లలోంచి గట్టుకూ, గట్టు మీంచి కోసిన చేలల్లోకీ తోలాలి. ఒక్క బాతును కూడా కరవకూడదు. కాపరి చెయ్యి ఎటు ఊపితే అటు మళ్లాలి, ఆగమంటే ఆగాలి. అజిలిటీ మైదానంలో ఈరోజు కుక్క నుంచి కోరేది అచ్చంగా ఇదే కదా! ప్రపంచ పోటీల్లో ఎక్కువగా గెలిచే బోర్డర్‌ కోలీ కూడా గొర్రెల్ని కాసే జాతే.

కొల్లేట్లో చేపల చెరువులు పెరిగి, బాతుల మందలు తగ్గిపోయాక జోనంగికి పని పోయింది. చెరువుల్లో చేపలు తినేస్తోందని దాన్నే శత్రువుగా చూశారు. ఇప్పుడు మేలు జాతిది వెతికి పట్టుకోవడమే కష్టం. పని ఉన్నన్నాళ్లూ 'ఎంత తెలివైనదో' అనిపించుకున్న కుక్క, పని పోగానే 'దొంగది' అయిపోయింది. వరండాలో కట్టేసిన రాకీ పరిస్థితీ ఇంచుమించు అంతే.

ఇంకో విషయం. అజిలిటీకి ఖరీదైన జాతి కావాలన్న నియమం ఏమీ లేదు. వీధిలోంచి తెచ్చి పెంచుకున్న నాటు కుక్కలు ఒంట్లో కొవ్వు లేకుండా, చురుగ్గా, మన ఎండకు అలవాటుపడి ఉంటాయి. నన్నడిగితే ఈ ఆటకు డెల్టాలో వాటిని మించినవి లేవు.

ఎండ, ఉక్క, వయసు

దూకడం అంటే కీళ్ల మీద భారం. పెరిగే వయసులో ఎముకల చివర్లు ఇంకా మెత్తగా ఉంటాయి. పెద్ద జాతులకు అవి గట్టిపడటానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అంతర్జాతీయ పోటీల్లో ఏడాదిన్నర నిండని కుక్కను దిగనివ్వకపోవడానికి కారణం అదే. ఆర్నెల్ల పిల్లతో ఎత్తులు దూకిస్తానని ఎవరైనా ట్రైనర్‌ అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. పగ్‌లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఊపిరి చాలదు. డాష్‌హండ్‌లాంటి పొడుగు వీపు కుక్కలకు వెన్నుపూసకు ప్రమాదం. వీటితో గొట్టంలో దూరడం, కర్రల మధ్య మెల్లగా నడవడం లాంటి నేల ఆటలే ఆడాలి. మన ఇళ్లలోని లాబ్రడార్లకు ఇంకో జబ్బుంది. దాని పేరు పప్పన్నం, నెయ్యన్నం! పక్కటెముకల మీద చెయ్యి పెడితే అవి తేలిగ్గా తగలాలి. తగలకపోతే ముందు తిండి తగ్గించాలి, ఆ తర్వాతే దూకుడు.

అన్నిటికన్నా పెద్ద సమస్య మన వాతావరణం. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ, తడి ఆవిరయ్యేలా చేసుకుని ఒళ్లు చల్లబరుచుకుంటుంది. గాలిలోనే తేమ ఎక్కువుంటే ఆ ఆవిరి త్వరగా ఆరదు. సముద్రం పక్కనుండే బందరు, నాగాయలంక, కోడూరుల్లో ఎండ కన్నా ఉక్క ప్రమాదకరం. కాబట్టి ఆటంతా తెల్లవారాక గంటలోపే. వేసవిలో సాయంత్రం ఆరు గంటలకు కూడా తారు రోడ్డు కాలుతుంటుంది. మీ అరచెయ్యి వెనకభాగం రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే, దాని పాదాలూ ఆ రోడ్డు మీద ఉండకూడదు. రోహిణి కార్తెలో ఆటకు సెలవివ్వడం మేలు. ఆగకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ, గాలి తగిలేలా చేసి వెంటనే డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి.

బడి మన దొడ్లోనే

మన దేశంలో అజిలిటీ క్లాసులు ఎక్కువగా బెంగళూరు, ముంబయి, చెన్నై లాంటి నగరాల్లోనే. తెలంగాణ పోలీసు జాగిలాలకు మొయినాబాద్‌లో పెద్ద శిక్షణ కేంద్రం ఉంది కానీ అది మన రాకీల కోసం కాదు. మనకు అందుబాటులో ఉండేది సాధారణంగా ఇంటికొచ్చి నేర్పే ట్రైనరు, లేదా విజయవాడ ప్రయాణం. బందరు నుంచి విజయవాడ డెబ్భై కిలోమీటర్లు, గుడివాడ నుంచి నలభై అయిదు. వారానికోసారి కారులో కుక్కను కూర్చోబెట్టుకుని రానూపోనూ ఆదివారమంతా పోతుంది. అది మీకు సరదా అయితే సరే. కాకపోతే రెండో నెలలోనే మానేస్తారు.

అందుకే ఫీజు కట్టేముందు ఇంట్లోనే రెండు నెలల పరీక్ష పెట్టుకోమంటాను. రూపాయి ఖర్చు ఉండదు.

మొదటి నెల నాలుగు మాటలే. రా, కూర్చో, ఆగు, వదిలెయ్‌. కుక్కతో ఇంగ్లీషులోనే మాట్లాడాలని మనవాళ్లకు ఎవరు చెప్పారో గానీ, అమ్మ 'రా' అంటుంది, నాన్న 'కమ్‌' అంటాడు, పిల్లాడు 'కమాన్‌ రాకీ' అంటాడు. దానికి మూడూ మూడు చప్పుళ్లు! ఏ భాషైనా పర్లేదు, ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి. మాట విన్న మరుక్షణం, అంటే సెకను లోపలే మెచ్చుకోలు అందాలి. ఆలస్యమైతే దేనికి మెచ్చుకున్నారో దానికి అర్థం కాదు. ఉడికించిన కోడి ముక్క చిటికెన వేలి గోరంత చాలు, గుడ్డు ముక్కైనా సరే. ఎండు రొయ్యలంటే ప్రాణం పెడుతుంది కానీ ఉప్పు ఎక్కువ. ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్‌మిస్‌, చాక్లెట్‌ కుక్కలకు విషం. బందరు లడ్డూ మనకే!

కర్ర పట్టుకుంటేనే కుక్క వింటుందన్న నమ్మకం ఇంకా చాలామందిలో ఉంది. డాల్ఫిన్లకు శిక్షణ ఇచ్చిన కరెన్‌ ప్రయర్‌ అనే ఆవిడ 1984లో రాసిన పుస్తకంతో, కొట్టకుండా మెచ్చుకోలుతో నేర్పే పద్ధతి కుక్కల యజమానుల్లోకి బాగా వెళ్లింది. డాల్ఫిన్‌ను కర్రతో కొట్టడం కుదరదు మరి, ఈదుకుంటూ వెళ్లిపోతుంది! అమెరికాలో జంతు ప్రవర్తనను అధ్యయనం చేసే పశువైద్యుల సంఘం కూడా 2021లో ఇదే చెప్పింది... బెదిరింపు, నొప్పి మీద ఆధారపడే పద్ధతులు వద్దని. కొట్టిన కుక్క అల్లరి మానడం కన్నా మనిషిని చూసి భయపడటం ముందు నేర్చుకుంటుంది. భయపడే కుక్కే కరుస్తుంది.

మీద దూకే అలవాటుందా? దూకగానే మొహం తిప్పేసి, చేతులు కట్టుకుని నిలబడండి. నాలుగు కాళ్లూ నేల మీద పెట్టిన క్షణంలో పలకరించండి. నెట్టడం, అరవడం దానికి ఆటలాగే అనిపిస్తుంది. తాతయ్య ఒక్కరు 'పోన్లే పాపం' అని ముద్దుచేసినా నెల రోజుల శ్రమ గోవిందా. గొలుసు లాగుతోందా? లాగిన ప్రతిసారీ ఆగిపోండి. తాడు వదులైతేనే అడుగు. మొదటిరోజు వీధి చివరకు వెళ్లడానికి అరగంట పట్టొచ్చు. పట్టనివ్వండి.

ఇవి కుదిరాక రెండో నెలలో ఆటలు. దివిసీమ వాళ్లకు సరుగుడు బాదులకు కొదవేముంది? రెండు ఇటుకల మీద ఒక సన్నటి బాదు పెడితే అడ్డుకర్ర తయారు. ఎత్తు జానెడు దాటక్కర్లేదు, తగిలితే కింద పడిపోయేలా ఉండాలి, కట్టేయకూడదు. నాలుగు కుర్చీలు వరసగా పెట్టి మీద అమ్మ పాత చీర కప్పితే గొట్టం. ముందు రెండు కుర్చీలతో మొదలుపెట్టి, అవతలి వైపు నుంచి పిలవండి. ఆరు బాదులు రెండడుగుల దూరంలో పాతితే మెలికల వరస. ఒక పాత గోనెసంచి పరిచి 'ఇక్కడ కూర్చో' అంటే అదే విశ్రాంతి బల్ల. నిజం చెప్పాలంటే అల్లరి కుక్కకు దూకడం కన్నా ఈ గోనెసంచి మీద నిమిషం పాటు కదలకుండా కూర్చోవడమే పెద్ద పరీక్ష. ఒక్కో విడత అయిదు నిమిషాలు, రోజుకు రెండు విడతలు. అది ఇంకా కావాలనుకుంటుండగానే ఆపేయాలి.

చోటు విషయంలో రెండు జాగ్రత్తలు. దొడ్లో గడ్డి కోయించి, ఇటుకల కుప్పలు తీయించి, నేల కనిపించేలా ఉంచాలి. కట్లపాములు, రక్తపింజర్లు తిరిగే సీమ మనది. కోతలైపోయాయి కదా అని చేలోకి వదలకండి. వరి కోయకముందే చల్లిన మినుము మొలకలు ఉంటాయి, రైతు ఊరుకోడు. పైగా మందు కొట్టిన చేనో, ఎలుకలకు మందు పెట్టిన గట్టో అయితే ప్రాణం మీదకు వస్తుంది. ఎలుకల మూత్రం కలిసిన నిలవ నీళ్లతో లెప్టోస్పైరోసిస్‌ సోకుతుంది, అది మనుషులకూ వస్తుంది. టీకా వేయించేటప్పుడు దీనికీ ఉందో లేదో అడగండి. రేబిస్‌ టీకా సంగతి చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇక తేల్చుకోండి

రెండు నెలల తర్వాత దొడ్లో తాడు తీసేసి, కాకి వాలినప్పుడో, పక్కింటి కోడి గోడెక్కినప్పుడో ఒక్కసారి 'రా' అని పిలిచి చూడండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు వెనక్కి తిరిగి వచ్చిందా? మీ రాకీ క్లాసుకు సిద్ధం. విజయవాడైనా వెళ్లండి, నగరంలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లినప్పుడైనా ఒకరోజు క్లాసు చూడండి. రాలేదా? ఇంకో రెండు నెలలు దొడ్డి బడే కొనసాగించండి. చాలామంది ఇక్కడితోనే ఆగిపోతారు. ఎందుకంటే ఈపాటికి ముగ్గు చెరగడం మానేసి ఉంటుంది, క్లాసు అవసరమే కనిపించదు. అదీ మంచిదే. ఇంట్లో ఎవరికీ రోజుకు పది నిమిషాల తీరిక కూడా లేదని ఈ రెండు నెలల్లో తేలిందా? అప్పుడు మాత్రం ఏ క్లాసూ పనిచేయదు. వారానికి గంట ట్రైనర్‌ నేర్పితే మిగతా 167 గంటలు కుక్క మీ దగ్గరే ఉంటుంది మరి.

ట్రైనర్‌ను ఎంచుకునేటప్పుడు కుక్క లేకుండా వెళ్లి ఒక క్లాసు చూస్తాననండి. వద్దంటే అక్కడే సందేహించాలి. ముళ్ల పట్టీ, కరెంటు పట్టీ వాడుతున్నారేమో చూడండి. తోక కాళ్ల మధ్య పెట్టుకుని చేస్తున్న కుక్కలెన్ని, ఊపుతూ చేస్తున్నవెన్ని లెక్కపెట్టండి. ఏ సర్టిఫికెట్‌ కన్నా ఆ లెక్క నమ్మకమైంది. 'రెండు నెలలు నా దగ్గర వదిలేయండి, తయారుచేసి ఇస్తా' అనే పద్ధతి ఒకటుంది. వినడానికి హాయిగా ఉంటుంది. తిరిగొచ్చాక అది ట్రైనర్‌ మాట వింటుంది, మీ మాట కాదు. అజిలిటీలో అయితే ఆ పద్ధతికి అర్థమే లేదు, దారి చూపించాల్సింది మీరు కదా.

చేరాలని నిర్ణయించుకున్నారా? మొదటిరోజుకు మామూలు ఆరడుగుల తాడు, గుండె చుట్టూ వచ్చే హార్నెస్‌, టీకాల పుస్తకం, ఇంటి నుంచి నీళ్లు, అది అలవాటుపడ్డ గోనెసంచి తీసుకెళ్లండి. తిండి పెట్టి మూడు గంటలైనా అయ్యాకే పరిగెత్తించాలి, నిండు కడుపుతో దూకితే పెద్ద కుక్కలకు పొట్ట మెలిపడే ప్రమాదం ఉంది. పదో తరగతి పిల్లాడినే పక్కన పరిగెత్తనివ్వండి. మీరు గట్టున కూర్చుని చూడండి. చెప్పులు మాత్రం కారులోనే పెట్టి తాళం వేయండి.